ఆ కీలు దగ్గర బలం ఎంతో రాయండి: పల్చటి ఉక్కు కప్పులు డిజైన్ చేసే ఇంజినీర్లకు బహిరంగ లేఖ

కోల్డ్ ఫార్మ్‌డ్ స్టీల్‌తో, అంటే వేడి చేయకుండా పల్చటి రేకుని వంచి చేసిన ఉక్కుతో కప్పులు డిజైన్ చేసి, డ్రాయింగుల మీద సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజినీర్లందరికీ నమస్కారం.

నేను షాప్ డ్రాయింగులు గీసేవాణ్ణి. మీ ఆఫీసుల్లోంచి బయటికొచ్చిన డిజైన్ డ్రాయింగు మొదట నా బల్ల మీదికే వస్తుంది. ఏ మెంబర్ ఎంత పొడవుండాలి, ఎక్కడ కోయాలి, ఎక్కడ చిల్లు పడాలి, ఏ మూలకి ఏ క్లిప్ పెట్టాలి అన్నది తేల్చి ఫ్యాక్టరీకి పంపడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో. ఇన్నేళ్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టినది మీ డ్రాయింగుల్లో కనబడే ఒక చిన్న వాక్యం: "కనెక్షన్లు ఫ్యాబ్రికేటర్ చూసుకోవాలి." ముక్కలు కలిసే చోట్లని, ఆ ముక్కలు తయారుచేసే మేమే తేల్చుకోవాలని దాని అర్థం.

రాఫ్టర్ (చూరు నుంచి శిఖరానికి వాలుగా వెళ్లే ముక్క) లోతు మీరే ఇస్తారు. పర్లిన్ (రాఫ్టర్ల మీద అడ్డంగా వేసి కప్పు రేకుని మోసే ముక్క) మందం, వాటి మధ్య ఎడం, ఉక్కు గ్రేడు, జింకు పూత అన్నీ శ్రద్ధగా రాస్తారు. తీరా రెండు ముక్కలు కలిసే చోటికి వచ్చేసరికి ఒక గుండ్రటి గీత, దాని పక్కన ఈ వాక్యం. ఆ గీత లోపల ఎంత బలం వస్తోంది, అది ఎటు లాగుతోంది, గాలి పైకి ఎత్తినప్పుడు దిశ మారుతుందా అన్నది ఎక్కడా ఉండదు. లెక్క చేసిన మోడల్ మీ దగ్గరుంది, నా దగ్గర లేదు. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ఆ కీలు ఏమిటో తెలిసినవాళ్లు మీరైతే, వాత పెట్టే పని తెలియనివాళ్ల చేతికి వదిలేస్తున్నారు.

మందపాటి హాట్ రోల్డ్ (ఎర్రగా కాల్చి రోలర్ల మధ్య ఒత్తి చేసిన) సెక్షన్లతో పనిచేసి వచ్చినవారికి ఇది పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. అక్కడ ప్లేటు దృఢంగా ఉంటుంది, ఎంతసేపూ బోల్టు తెగుతుందా, వెల్డింగ్ నిలుస్తుందా అన్నదే చూస్తాం. పల్చటి ఉక్కులో కథ తిరగబడుతుంది. స్క్రూ తెగడం అరుదు. దాన్ని పట్టుకున్న రేకే ముందు ఓడిపోతుంది. లోడ్ పడగానే స్క్రూ పక్కకి ఒరుగుతుంది, దాని అంచు రేకుని నొక్కుతుంది, చిల్లు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, చివరికి స్క్రూ వాలిపోయి మర చిల్లులోంచి జారి వచ్చేస్తుంది. ఈ ఒరగడాన్నే టిల్టింగ్ అంటాం. ఈ తరహా ఉక్కు ప్రవర్తన వేరని గుర్తించే 1939లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ వింటర్ నాయకత్వంలో పరిశోధన మొదలుపెట్టారు. 1946లో దీనికంటూ విడిగా అమెరికాలో మొదటి ప్రమాణం వచ్చింది. అంటే ఈ రేకుని మామూలు ఉక్కు లెక్కతో చూడకూడదన్న సంగతి కొత్తదేమీ కాదు.

అంకెలతోనే మాట్లాడతాను, మీకూ నాకూ అదే సులువు. 1.146 మిల్లీమీటర్ల డిజైన్ మందం, 310 మెగాపాస్కల్ తన్యతా బలం ఉన్న రెండు రేకులు అనుకుందాం. 10 నంబరు స్క్రూ, వ్యాసం 4.83 మిల్లీమీటర్లు. ఈ ఉక్కుకి అమెరికా ప్రమాణమైన ఏఐఎస్ఐ ఎస్100 సూత్రం ప్రకారం షీర్‌లో, అంటే రేకు వెంబడి పక్కకి లాగినప్పుడు, దీని నామమాత్ర బలం సుమారు 3.5 కిలోన్యూటన్లు. భద్రతా గుణకం 3తో భాగిస్తే వాడుకోదగినది 1.17. అదే స్క్రూని నిలువుగా బయటికి లాగితే, అంటే పుల్ అవుట్‌లో, వాడుకోదగినది 0.49 మాత్రమే. స్క్రూ అదే, రేకు అదే, బిగించినవాడూ అతనే. లాగే దిక్కు మారినందుకు బలం సగానికన్నా కిందికి పడిపోయింది.

ఈ తేడా నాకు పుస్తకంలో కాదు, ఒక కప్పు మీద అర్థమైంది. చాలా ఏళ్ల కిందటి మాట. రాఫ్టర్‌ని గోడ పైనున్న ట్రాక్‌కి (గోడ ఫ్రేము తల మీద పరిచే కాలువ ఆకారపు ముక్కకి) పట్టే చోట డ్రాయింగులో "యాంగిల్ క్లిప్, 4 స్క్రూలు" అని మాత్రమే ఉంది. నేను గీసిన షాప్ డ్రాయింగులోనూ అంతే ఉంది, ఆ తప్పు నాది కూడా. ఎల్ ఆకారపు ఆ క్లిప్ నిలువు కాలు రాఫ్టర్ వెబ్‌కి, అంటే దాని నిలువు ముఖానికి, రెండో కాలు గోడ ఫ్రేము పక్క ముఖానికి వస్తాయని నేను అనుకున్నాను. అలా పెడితే గాలి పైకి ఎత్తినప్పుడు రెండు వైపులా స్క్రూల మీద షీర్ పడుతుంది. సైటులో ఆ పక్క ముఖానికి స్క్రూ గన్ అందలేదు. వాళ్లు క్లిప్‌ని తిప్పి, రెండో కాలుని ట్రాక్ పై ముఖం మీద పడుకోబెట్టి పైనుంచి నాలుగు స్క్రూలు దింపారు. కింద నుంచి చూస్తే ఎవరికీ తేడా తెలియదు. నాలుగు స్క్రూలకి 4.7 కిలోన్యూటన్లు మోయాల్సిన కీలు ఒక్కసారిగా 1.9కి దిగిపోయింది. నిజానికి అంత కూడా ఉండదు. క్లిప్ మూల దగ్గర వంగుతున్నకొద్దీ కాలు చివర రేకుని తన్నిపెట్టి స్క్రూ మీద లాగుడు ఇంకా పెంచుతుంది.

ఒక పెద్ద గాలి తర్వాత వెళ్లి చూశాం. కప్పు రేకు పర్లిన్‌ని వదల్లేదు, పర్లిన్ రాఫ్టర్‌ని వదల్లేదు. చూరు వెంబడి మూలలో మూడు రాఫ్టర్లు మాత్రం వాటి క్లిప్పులతో సహా ట్రాక్ మీంచి లేచి పక్కకి జరిగి ఉన్నాయి. స్క్రూలు ఒక్కటీ తెగలేదు. మర చుట్లలో సన్నటి ఉక్కు పీచు ఇరుక్కుని ఉంది, ట్రాక్‌లో చిల్లుల అంచులు పైకి లేచి పువ్వు విచ్చుకున్నట్టున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది మా అదృష్టం. ఆ రోజు నుంచి క్లిప్ ఏ ముఖానికి రావాలో పక్కనుంచి చూసే బొమ్మ గీయకుండా నేను ఏ కాగితమూ బయటికి పంపలేదు. బలం దిక్కు మాత్రం నేను ఊహించి గీస్తున్నాను. నా ఊహ మీద ఒక కప్పు నిలబడకూడదు.

చూరు దగ్గర రాఫ్టరూ సీలింగ్ జాయిస్టూ (రాఫ్టర్ల అడుగులని అడ్డంగా కట్టి పట్టే ముక్క) కలిసే కీలుది ఇంకో కథ. కప్పు వాలు తక్కువైనకొద్దీ అక్కడ తోపుడు ఎంత పెరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ దాన్ని స్క్రూల లెక్కలోకి మార్చి చూపిస్తాను. 8 మీటర్ల స్పాన్, మధ్యలో 1 మీటరు ఎత్తు, 600 మిల్లీమీటర్లకో రాఫ్టర్, చదరపు మీటరుకి 1 కిలోన్యూటన్ లోడ్. అంటే రాఫ్టర్ మీద మీటరుకి 0.6. శిఖరం దగ్గర మోసే దూలం లేదు, రాఫ్టర్లు ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. అడ్డంగా తోపుడు 4.8 కిలోన్యూటన్లు వస్తుంది. గోడ మీద కూర్చున్నది జాయిస్టే, రాఫ్టర్ దాని వెబ్‌కి మాత్రమే పట్టుకుని ఉందంటే, నిలువు రియాక్షన్ (ఆనుకున్న చోట వచ్చే ఎదురు బలం) 2.4 కూడా అవే స్క్రూలలోంచి దిగాలి. రెండూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి కాబట్టి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 5.4. పైన చెప్పిన రేకులో, పైన చెప్పిన స్క్రూలు ఐదు కావాలి. మధ్య ఎత్తు 2 మీటర్లయితే మూడు చాలు. రేకు డిజైన్ మందం 0.879కి తగ్గిస్తే స్క్రూ బలం 0.79కి పడుతుంది, అప్పుడు ఏడు కావాలి. మందం నాలుగో వంతు కూడా తగ్గలేదు, బలం మూడో వంతు పోయింది. టిల్టింగ్ సూత్రంలో మందం ఒకటిన్నర ఘాతంలో కూర్చుని ఉండడమే దీనికి కారణం.

ఇదంతా స్క్రూల గుంపు కేంద్రం బలం గీత మీద ఉందనుకున్నప్పటి మాట. రాఫ్టర్ మధ్యగీత, జాయిస్టు మధ్యగీత, గోడ ఆనుకునే చోటు ఈ మూడూ ఒకే బిందువులో కలవడం నిజమైన కప్పులో చాలా అరుదు. కలవనప్పుడు గుంపు మీద మెలి పడుతుంది, చివరి స్క్రూ మిగతావాటికన్నా ఎక్కువ మోస్తుంది. పైగా సీ ఆకారపు సెక్షన్‌కి షీర్ సెంటర్ (బలం దాని గుండా పోతే మెలి పడని బిందువు) వెబ్ బయట, ఫ్లేంజ్‌లు (పైనా కిందా ఉన్న అడ్డ రెక్కలు) లేని వైపు ఉంటుంది. ఒక సీ వెబ్‌ని ఇంకో సీ వెబ్‌కి వీపులు కలిపి బిగించడానికీ, ఒకే వైపు నుంచి వేలాడదీయడానికీ చాలా తేడా ఉంది.

ఆ శిఖరం దగ్గరి దూలం సంగతి కాస్త ఆగి చెప్పాలి. అది మోసే దూలమా, లేక రాఫ్టర్లు వరుసలో నిలబడడానికి పెట్టిన పట్టీయా? మోసేదైతే చూరు దగ్గర తోపుడు ఉండదు, శిఖరం క్లిప్ మీద నిలువు బలం ఉంటుంది. పట్టీ అయితే తోపుడంతా కింద జాయిస్టుదే. రెండు డ్రాయింగులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. దయచేసి ఒక్క మాట రాయండి, ఏదో ఒకటి.

ఒక సైటులో ఏసీ డక్టు కోసం చోటు చాలక జాయిస్టులన్నిటినీ సగం ఎత్తుకి జరిపారు. కింద తాడు పైకి జరిగిందంతే అనుకున్నారు. పైన చెప్పిన కప్పులోనే అలా చేస్తే జాయిస్టులో లాగుడు 4.8 నుంచి 9.6 అవుతుంది, దానికొక్కదానికే తొమ్మిది స్క్రూలు కావాలి, రాఫ్టర్ ఆ చోట వంగుడు కూడా మోయాలి. అడ్డు చెప్పడానికి సైటు ఇంజినీరు దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే డ్రాయింగు మీద అంకె లేదు. "ఇక్కడ 4.8 కిలోన్యూటన్లు, నన్నడక్కుండా మార్చవద్దు" అని రాసి ఉంటే ఆ కుర్రాడు ఫోన్ చేసేవాడు. అంకె కనిపిస్తే మనుషులు ఆగుతారు. గుండ్రటి గీత దగ్గర ఎవరూ ఆగరు.

"గుణకం 3 ఉంది కదా, ఒకటి రెండు తగ్గినా నిలబడుతుంది" అని నాతో వాదించినవాళ్లున్నారు. మెంబర్ వంగుడుకి 1.67 పెట్టి, స్క్రూకి 3 ఎందుకు పెట్టారో ఆలోచించమని వాళ్లని బతిమాలుకుంటాను. పరీక్షల్లో స్క్రూ ఫలితాలు బాగా చెదురుతాయి. గన్ పట్టిన చెయ్యి, రేకుల మధ్య సందు, స్క్రూ ఏటవాలుగా దిగడం, ఇవన్నీ ఆ 3 లోనే ఉన్నాయి. ముందే ఖర్చయిపోయిన సొమ్ము అది, మళ్లీ ఖర్చు పెట్టలేం.

గన్ పట్టిన చెయ్యి అన్నాను కాబట్టి ఆ పని దగ్గరగా చూపిస్తాను. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూకి ముందు డ్రిల్ ముక్కు, తర్వాత మర. కలపాల్సిన రేకులన్నిటి మందం, వాటి మధ్య సందుతో సహా, ఆ ముక్కు పొడవుకన్నా తక్కువ ఉండాలి. ఎక్కువైతే ముక్కు రెండో రేకుని ఇంకా తొలుస్తుండగానే మర మొదటి రేకుని పట్టేస్తుంది. అప్పుడు మొదటి రేకు స్క్రూ మీద పైకి ఎక్కుతుంది, రెండు రేకుల మధ్య వేలి గోరు పట్టేంత సందు పడుతుంది. తర్వాత ఎంత బిగించినా ఆ సందు మూసుకోదు. బిగిద్దామని గన్ ఇంకాస్త నొక్కితే మర కొట్టుకుపోతుంది, స్క్రూ గిర్రున తిరుగుతుంది. అలాంటి స్క్రూని లాగుడులో అసలు లెక్కలోకి తీసుకోకూడదని ప్రమాణం చెబుతోంది. షీర్‌లోనైనా, ఒక కీలులో లెక్కకి తీసుకున్న స్క్రూలలో అలాంటివి నాలుగో వంతు దాటకూడదు. బిగించాక అవతలి వైపు కనీసం మూడు మర చుట్లు బయటికి కనిపించాలి. ఈ మూడు మాటలూ మీ జనరల్ నోట్స్‌లో ఉంటే, సైటులో స్క్రూలు తనిఖీ చేసేవాడికి ఏం చూడాలో తెలుస్తుంది. స్క్రూల మధ్య కనీసం మూడు వ్యాసాల ఎడం, అంచు నుంచి కనీసం ఒకటిన్నర వ్యాసం అన్నది కూడా రాయండి. క్లిప్ చిన్నదైపోయి స్క్రూలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం నేను ఎన్నోసార్లు చూశాను.

తల ఏ వైపు ఉండాలన్నది కూడా మీరు చెప్పాల్సిందే. స్క్రూ తల పల్చటి రేకు వైపు ఉండి, మర దానికి రెండున్నర రెట్లు మందమున్న ముక్కలో దిగితే స్క్రూ ఒరగలేదు, టిల్టింగ్ లెక్కలోంచి పోతుంది. మన 1.146 రేకుకి అప్పుడు స్క్రూకి 1.54 కిలోన్యూటన్లు దక్కుతాయి. అదే తల మందం వైపు పెట్టి పల్చటి దాంట్లోకి దింపితే మళ్లీ 1.17. గన్ ఏ పక్క నుంచి అందుతుందో చూసుకుని నేను చెప్పగలను. ఏ పక్క అయినా సరిపోయేలా లెక్క వేశారా లేదా అన్నది మీరే చెప్పాలి.

మందం గురించి ఒక మాట. డ్రాయింగులో "1.2 మి.మీ." అని రాస్తారు. అది ఉక్కు మందమా, జింకుతో కలిపా? 275 గ్రాముల పూత రెండు వైపులా కలిపి సుమారు 0.04 మిల్లీమీటర్లు కలుపుతుంది. వెర్నియర్ పెట్టి కొలిచేవాడు పూతతో సహా కొలుస్తాడు. పూత లేని ఉక్కు మందం అని స్పష్టంగా రాస్తే ఈ గొడవే ఉండదు.

పర్లిన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, అక్కడ మీలో చాలామంది జాగ్రత్తగానే ఉంటారు. క్లీట్ (రాఫ్టర్‌కి బిగించిన చిన్న ప్లేటు) మీద పర్లిన్‌ని కాస్త ఎత్తి, వెబ్‌కి బోల్టులు వేస్తే రియాక్షన్ వెబ్‌లోకి నేరుగా వెళ్తుంది, కింద ఫ్లేంజ్ దగ్గర వెబ్ నలిగే ప్రమాదం తప్పుతుంది. జెడ్ ఆకారపు పర్లిన్లు ఒకదానిపై ఒకటి ల్యాప్ చేసినచోట చిల్లులు కోలగా ఉంటే బోల్టు జారినంత మేర కంటిన్యూటీ (రెండు ముక్కలు ఒకే ముక్కలా పనిచేయడం) తగ్గుతుంది. పూర్తి కంటిన్యూటీ అనుకుని లెక్క వేస్తే చిల్లు ఆకారం కూడా మీరే ఇవ్వాలి. జెడ్ పర్లిన్ వాలు మీద పక్కకి దొర్లాలని చూస్తుంది. ఆ బలం కప్పు రేకు వెంబడి పోగై కొన్ని రాఫ్టర్ల దగ్గర దిగుతుంది, ఆ చోట్ల యాంటీ రోల్ క్లిప్పులకి ఎంత వస్తుందో ఒక పట్టికగా వేస్తే చాలు.

రేకుని పర్లిన్‌కి పట్టే స్క్రూల మీద మాత్రం ఇంకొంచెం చెప్పాలి. కప్పు అంచుల్లో, మూలల్లో గాలి పీల్పు మధ్యలోకన్నా చాలా ఎక్కువని కోడ్లన్నీ చెబుతాయి. మీ లెక్కల్లో మూడు జోన్లు ఉంటాయి. డ్రాయింగులో మాత్రం కప్పంతటికీ "స్క్రూలు 300 మి.మీ. ఎడంలో" అని ఒకే వాక్యం. మూలలో చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్ల పీల్పు, 1.2 మీటర్లకో పర్లిన్ అనుకుంటే ఒక్కో స్క్రూకి 0.54 వస్తుంది. పర్లిన్ మందం మన 1.146 అయితే పుల్ అవుట్‌కి ఉన్నది 0.49. పైగా రేకు స్క్రూ తల మీంచి చిరిగి పైకి లేచే పుల్ ఓవర్‌ని విడిగా చూడాలి. మధ్య భాగంలో 0.8 పీల్పుకి అదే ఎడం హాయిగా సరిపోతుంది. జోన్ల గీతలు మీ లెక్కల కాగితంలోంచి కప్పు ప్లాన్ మీదికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

గాలి ఒక్కసారి లాగి వదలదు, గంటల తరబడి ఊపుతుంది. 1974 డిసెంబర్ 25న ఆస్ట్రేలియాలో డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను కొట్టినప్పుడు, ఎన్నో కప్పుల్లో పల్చటి హైస్ట్రెంగ్త్ రేకు స్క్రూల చుట్టూ ఊపుడికి పగుళ్లిచ్చి తల మీంచి ఊడిపోయింది. ఒక్కసారి లాగే పరీక్షలో నెగ్గిన రేకులే అవి. అప్పటినుంచే అక్కడ కప్పు రేకులని వేల సార్లు ఊపి పరీక్షించే పద్ధతి వచ్చింది. ఇలాంటి గట్టి, పల్చటి రేకుకి సాగే గుణం తక్కువ కాబట్టి కనెక్షన్ లెక్కల్లో దాని పూర్తి బలాన్ని ప్రమాణాలు వాడనివ్వవు. 550 మెగాపాస్కల్ అని గ్రేడు చూసి సంబరపడేముందు ఆ క్లాజు తెరిచి చూడమని కోరుతున్నాను.

స్క్రూలు ఎన్నో, ఏ క్లిప్పో మమ్మల్నే తేల్చమన్నా నాకు అభ్యంతరం లేదు. క్లిప్ తయారీదారుల పట్టికలు నా దగ్గరున్నాయి, సూత్రాలు నాకూ వచ్చు, మా దగ్గరా ఇంజినీర్లున్నారు. కావాల్సింది మీ మోడల్లో ఇప్పటికే ఉన్న మూడు సంగతులు. ప్రతి కీలు దగ్గరా కిందికి వచ్చే లోడ్‌లో బలం, పైకి ఎత్తే గాలిలో బలం, వాటి దిక్కు. ఒక బాణం గుర్తు, రెండు అంకెలు. అవి సర్వీస్ లోడ్లా, ఫ్యాక్టర్డ్ లోడ్లా అన్నది ఒక్క నోటుగా పెట్టండి, ఎందుకంటే ఆ తికమకలో ఒకటిన్నర రెట్లు తేడా వచ్చిన కాగితాలు నేను చూశాను. మేం తేల్చిన కనెక్షన్ తిరిగి మీ దగ్గరికి వచ్చినప్పుడు, ముద్ర వేసేముందు ఆ బాణాలతో ఒక్కసారి సరిచూడండి. ఇప్పుడు మీరు వెతికేది కొలతలు సరిపోయాయా అని మాత్రమే.

ఈ వారం నా బల్ల మీద ఒక కప్పు డ్రాయింగు ఉంది. వాలు తక్కువ, చూరు బయటికి బాగా వచ్చింది, శిఖరం దగ్గర దూలం ఉన్నట్టూ లేనట్టూ ఉంది. గుండ్రటి గీతలు పదకొండు. వాటి నంబర్లు రాసి, ఎదురుగా ఖాళీ గడులు గీసి ఆ ఇంజినీరు గారికి నిన్న తిరిగి పంపాను. గడులు నిండి వచ్చేదాకా ఆ కప్పుకి ఒక్క క్లిప్ కూడా కోయించను. మీలో ఇంకెవరైనా మీ డ్రాయింగు నాకు పంపబోతుంటే, అవే గడులు ముందే నింపి పంపమని మనవి.

భవదీయుడు,
షాప్ డ్రాయింగులు గీసే ఒక డిటెయిలర్